గోడ మీద గీసిన తలుపు

గొర్రెపిల్లకు తొడిగిన తోలు ఊడదీసి పది నిమిషాలైంది. ఇంకా యాభై. ఒక గంట చాలంటాడు మా ముసలి కాపరి విల్ఫ్, ఆ గంటలో గొర్రె తేల్చేస్తుందట, ఈ పిల్ల నాదా కాదా అని. ఈలోగా నేను లోపలికి అడుగు పెట్టకూడదు. మనిషి వాసన తగిలితే దాని ముక్కు గందరగోళపడుతుంది. బయట నిలబడి తుపాకీ కన్నంలోంచి చూడాలి, అంతే. చూస్తున్నాను. యుద్ధకాలంలో కట్టిన మూడడుగుల మందం కాంక్రీటు గోడ, అందులో నా వైపు వెడల్పుగా మొదలై మెట్లుమెట్లుగా సన్నబడుతూ పోయే కన్నం, దాని చివర అరచేతిలో పట్టేంత లోకం. అందులో కొంచెం గడ్డి. గొర్రె ముఖం సగం. ఒక గిట్ట. ఈ కన్నం పెట్టింది లోపలివాడు బయటికి చూడడానికి గానీ బయటివాళ్లు లోపలికి చూడడానికి కాదు, అందుకే అన్నీ ముక్కలుగా కనిపిస్తున్నాయి, ముక్కలు కలుపుకోవడం నా పని. గిట్ట పక్కన ఏదో వణికింది. అదీ పిల్ల. మూడు రోజుల వయసు, పైతోలు పోయి సొంత ఒంటితో మొదటిసారి ఆ తల్లి ముందు నిలబడింది. సముద్రం మీంచి వచ్చే గాలి నా మెడ వెనక చెయ్యి పెట్టినట్టుంది. ఏప్రిల్ నెల అని ఈ గాలికి ఎవరూ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఈ గొర్రె చచ్చిన పిల్లను ఈనింది. అదే పొద్దున దిగువ పొలంలో ఇంకో గొర్రె బతికిన పిల్లను ఈని తాను చచ్చిపోయింది. పాలున్న తల్లి ఒకటి, తల్లి లేని పిల్ల ఒకటి, రెంటినీ ఒకచోట వదిలేస్తే సరిపోదా అని పట్నం వాళ్లు అడుగుతారు. సరిపోదు. గొర్రె కళ్లతో నమ్మదు, ముక్కుతో నమ్ముతుంది. తనది కాని వాసన పొదుగు దగ్గరికొస్తే పక్కటెముకలు విరిగేలా కుమ్ముతుంది. అందుకే చచ్చిన పిల్ల తోలు ఒలిచి, నాలుగు కాళ్లకు నాలుగు కన్నాలు ఉంచి, బతికిన పిల్లకు చొక్కాలా తొడుగుతారు. తల్లి తోక కింద వాసన చూస్తుంది, నాదే అనుకుంటుంది, చేపుతుంది. అలా రెండు మూడు రోజులు. ఆ తర్వాత తోలు కుళ్లడం మొదలుపెడుతుంది, తీసేయక తప్పదు. ఈలోగా తల్లి పాలు పిల్ల కడుపులోంచి దాటిపోయి, దాని ఒంటికి కూడా తల్లి వాసన పట్టి ఉంటే బతికిపోయినట్టే. పట్టకపోతే సీసా పాలు. ఈ ఏడు సీసా పాల మీద పెట్టినవి రెండూ విరేచనాలు పట్టుకుని నాలుగో రోజుకి చచ్చాయి. వాటిని పాతిపెట్టిన మట్టి ఇంకా నా బూట్లకుంది. ఇది మూడోది కాకూడదు. అంతే నేను అడిగేది, ఇంకేమీ అడగడం లేదు.

గొర్రె తల దించింది. కుమ్మింది. అరచేతి లోకంలోంచి పిల్ల ఎగిరి మాయమైంది. ఒకటి. విల్ఫ్ చెప్పాడు, మూడుసార్లు కుమ్మితే ఇంక ఆలోచించకు, తీసుకొచ్చెయ్ అని. నేను గోడ చుట్టూ పరిగెత్తాను. ఆరు పలకల పెట్టె ఇది, ఒక పలకలో వెనక దారి, మిగతా అయిదింట్లో అయిదు కన్నాలు. రెండో కన్నంలోంచి గొర్రె తోకే కనిపించింది. మూడో దాంట్లోంచి పిల్ల. లేచి నిలబడింది. ఊపిరి వదిలాను.

"ఏమైంది?" కింద ట్రాక్టర్ దగ్గర్నుంచి విల్ఫ్ కేక. అరవై ఏడేళ్ల మోకాళ్లు ఈ గుట్ట ఎక్కలేవు. అక్కడ రాతిగోడ మీద ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒకటి!"

"ఒకటి లెక్కలోది కాదు. మా ఆవిడ రోజూ నన్ను అంతకంటే గట్టిగానే కుమ్ముతుంది."

నలభై ఏళ్లు ఈ పని నుంచి తప్పించుకున్నాను. ఈనే కాలంలో తోలు ఒలిచే పని పడిందంటే మొదట్లో ఈ పొలం యజమాని మాట్ హెస్లాప్ చేసేవాడు, ఆయన పోయాక విల్ఫ్. నాకు మాత్రం సరిగ్గా ఆ సమయానికే కోళ్లగూడు కడగాలనిపించేది. ఎవరూ గమనించలేదనుకున్నాను. సోమవారం నాడు విల్ఫ్ తన చేతులు నా ముఖం ముందు పెట్టాడు, వేళ్లన్నీ చెట్టు వేళ్లలా మెలిపడి ఉన్నాయి. "చూడు వీటిని, చెంచా పట్టుకోమంటేనే మొరాయిస్తున్నాయి. కత్తి నువ్వే పట్టాలి." నా వల్ల కాదన్నాను. "యాభై రెండొచ్చాయి, ఇంకా ఎన్నాళ్లు కోళ్లగూట్లో దాక్కుంటావు పిల్లా?" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ తెలుసన్నమాట ముసలోడికి. కత్తి పట్టాను. ఒలవడం కష్టం కాదు, వేడి తగ్గకముందు చేస్తే చేతి తొడుగులా వచ్చేస్తుంది. కష్టం తొడగడం. వణుకుతున్న పిల్ల ముందుకాలు పట్టుకుని ఆ కన్నంలోంచి దూర్చాను, తర్వాత రెండోది, మెడ దగ్గర సర్దాను, అప్పుడు నాకు కలరా ఉండల వాసన వేసింది. గొర్రెల దొడ్లో కలరా ఉండలెక్కడివి?

కోటుది ఆ వాసన. ముదురాకుపచ్చ ఉన్ని కోటు, మెడ దగ్గర నల్ల మఖమలు. యుద్ధం మొదలైన రెండో ఏడు, సెప్టెంబరు. బాంబులు పడతాయని మా నార్త్ షీల్డ్స్ రేవు పట్నం నుంచి పిల్లల్ని రైలెక్కించి పల్లెలకు పంపారు, మెళ్లో పేరు రాసిన అట్టముక్క, భుజాన గ్యాస్ ముసుగు డబ్బా. ఊరి హాల్లో మమ్మల్ని వరసగా నిలబెడితే ఆడవాళ్లు వచ్చి ఎంచుకున్నారు. బలంగా ఉన్న మగపిల్లలు ముందు అయిపోయారు. చివర్న నేను, ముక్కు కారే ఇంకో పిల్ల మిగిలాం. మాట్ భార్య హెస్లాపమ్మ వచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి, "ఈ బక్కదాన్ని ఇవ్వండి" అంది. బండిలో ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మేడ మీది పెట్టె తెరిచి ఆ కోటు తీసి, నన్ను తిప్పి నిలబెట్టి, ఒక్కో చెయ్యి దూర్చి, బొత్తాలు పెట్టింది. సరిగ్గా సరిపోయింది. అదే తప్పయింది. కిందికి దిగేసరికి మాట్ గంజి తాగుతున్నాడు. నన్ను చూశాడు, చెంచా పెట్టేశాడు, లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. పొయ్యి మీది అలమరలో ఒక ఫొటో ఉంది. అందులో ఇదే కోటు, లోపల వేరే పిల్ల. ఎల్సీ. వాళ్ల కూతురు, రెండు శీతాకాలాల కిందట డిఫ్తీరియా వచ్చి పోయింది. నాకు ఎనిమిదేళ్లు, అంతా అర్థం కాలేదు. కానీ చచ్చిపోయినమ్మాయి కోటు వేసుకున్నానని మాత్రం అర్థమైంది. హెస్లాపమ్మ అటు తిరగ్గానే పారిపోయాను.

గొర్రె మూతి పిల్ల వీపు మీద. వాసన చూస్తోంది. భుజం, నడుము, వెనక్కి, వెనక్కి. పిల్ల కదలడం లేదు. కదలకు. కదలకు తల్లీ. వీపు మీద తోలు రాసుకుపోయిన చోట బొచ్చు అణిగిపోయి గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది. గొర్రె తల ఎత్తింది, ముక్కుపుటాలు ఎగరేసింది, ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు నిలబడింది. అది ఏం లెక్కేసుకుంటోందో.

ఎటు పారిపోవాలో తెలియదు, సముద్రం కుడివైపు ఉంచుకుని నడిస్తే ఊరొస్తుందనుకున్నాను. అది స్కాట్లండ్ వెళ్లే దారి. వాన మొదలైంది. ఈ గుట్ట మీద ఒక ఇల్లు కనిపించింది, ముద్దొచ్చే చిన్న ఇల్లు. ఆకుపచ్చ తలుపు, ఇత్తడి గుబ్బ, రెండు కిటికీలు, ఎర్ర పరదాలు, ఒక కిటికీ గట్టు మీద పసుపుచారల పిల్లి. పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టాను. చప్పుడు కాలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. వేళ్ల కణుపులు చీరుకుపోయి రక్తమొచ్చింది. గుబ్బ పట్టుకుందామంటే చేతికి దొరకలేదు, అది గోడలోనే ఉంది, బల్లపరుపుగా. అప్పుడు చూరు కిందనుంచి ఒక మగగొంతు, పెద్దమనిషి తరహాలో, "ఇంటావిడ బజారుకెళ్లిందమ్మా, రేపు రా" అంది. నాకు ఏడుపొచ్చింది, అయినా అన్నాను, "సరే గానీ పిల్లిని లోపలికి పిలవండి, తడిసిపోతోంది." గోడ లోపల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు, ఇనుపటోపీ ఏదో కింద పడింది. జర్మన్లు పడవల మీద ఈ ఇసుక తీరానికే వస్తారని కట్టిన తుపాకీ కన్నాల కాంక్రీటు దిమ్మ, పిల్‌బాక్స్ అది, లోపల ఊరి కాపలా దళం, అందరూ కూలివాళ్లూ కాపరులూ. విమానంలోంచి చూసేవాడికి మామూలు ఇల్లులా ఉండాలని, మామూలు రోజుల్లో సారా దుకాణాలకు బోర్డులు రాసే సిపాయి ఒకడు వారం రోజులు కూర్చుని దాని మీద ఇల్లు గీశాడు. పిల్లి అతని సొంత సరదా. ఆ పెద్దమనిషి గొంతు విల్ఫ్ రటర్‌ది, అప్పటికి ఇరవై మూడేళ్లు. బయటికొచ్చి నన్ను భుజం మీదెక్కించుకుని హెస్లాప్ వాళ్లింట్లో దింపాడు. "జర్మన్ల సంగతేమో గానీ ఈ పిల్లని మాత్రం మోసం చేశాం సార్" అని వాళ్ల దళపతికి చెప్పుకున్నాడట. రంగులు పదేళ్లలో వానకు కొట్టుకుపోయాయి. పేరు పోలేదు. ఊళ్లో ఇప్పటికీ దీన్ని అందరూ కాటేజీ అనే అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ బూడిదరంగు దిమ్మను చూసి, కాటేజీ ఏదీ అని నన్నే అడుగుతారు.

కుమ్మింది. రెండు. ఈసారి చూశాను, నుదుటితో పక్కలో. పిల్ల గడ్డిలో బోర్లాపడి, లేచి, పెట్టె మధ్యలో అడ్డంగా ఉన్న గోడ వెనక్కి వెళ్లిపోయింది. ఒక కన్నంలోంచి వచ్చిన గుండు ఎదుటి గోడకు తగిలి తిరిగి మనవాళ్లకే కొట్టకుండా కట్టిన గోడ అది. దాని వెనక ఏముందో ఏ కన్నంలోంచీ కనిపించదు, నాకు బాగా తెలుసు, నేనూ దాని వెనక కూర్చున్నాను ఒకసారి.

యుద్ధం అయిపోయాక మాట్ దీన్ని పగలగొట్టాలని చూశాడు. పంట పొలం మధ్య నాగలికి అడ్డమొచ్చే దిమ్మ ఎవరిక్కావాలి? సమ్మెట కర్రలు రెండు విరిగాయి. రాతిగని నుంచి మందు తెచ్చి పేల్చాడు, మా వంటింటి కిటికీ అద్దాలు ఊడిపడ్డాయి గానీ కాటేజీకి పెంకులాంటి ముక్క ఒక్కటి లేచింది. నా కుడిచెయ్యి ఇప్పుడు ఆనింది ఆ గుంట మీదే. హెస్లాపమ్మ గాజుపెంకులు ఊడుస్తూ, "హిట్లర్ కూడా ఇంత నష్టం చెయ్యలేదు మనకి" అంది. మర్నాడు మాట్ లోపల గడ్డి పరిచి, ఈనలేకపోతున్న గొర్రెను తోలాడు. గాలి జొరబడదు, ఇంకో గొర్రె వాసన రాదు, పారిపోయే దారి ఒక్కటే. పిల్లను అలవాటు చెయ్యాలంటే ఇంతకన్నా మంచి చోటు ఈ జిల్లాలో లేదని తేలింది. అప్పటినుంచి ఎన్ని పిల్లలు ఇక్కడ తల్లుల్ని మార్చుకున్నాయో.

నా వయసు తొమ్మిదికి దగ్గరపడిన వసంతంలో మా అమ్మ చచ్చిపోయింది. చేపల రేవు దగ్గరి వీధి మీద బాంబు పడింది. నాన్న అప్పటికే ఓడతోపాటు పోయాడు. ఆ సంగతి చెప్పడానికి పిల్లల్ని ఇళ్లకు సర్దే ఆఫీసరమ్మ కారేసుకుని వచ్చింది, టోపీలో ఈక, చేతిలో కాగితాలు. అనాథాశ్రమంలో ఒక చోటు ఖాళీ ఉందనీ, కావాలంటే ఈరోజే తీసుకెళతాననీ హెస్లాపమ్మతో అంటోంది. నేను మెట్ల మీద కూర్చుని వింటున్నాను. హెస్లాపమ్మ బదులివ్వలేదు. ఆవిడ ఏ మాటకీ వెంటనే బదులివ్వదు, అది నాకప్పటికి తెలియదు. ఆ ఏడెనిమిది నెలల్లో నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా లేదు, "పిల్లా" అనేది, లేకపోతే కళ్లతో చూపించేది. నాకు ఒకటే తోచింది. కోటు. కోటు వేసుకున్నప్పుడే కదా ఉండనిచ్చారు. మేడ మీదికి పరిగెత్తి పెట్టెలోంచి తీశాను. శీతాకాలమంతా గుడ్లూ పాలూ తిని నేను పెరిగిపోయాను, చేతులు మోచేతుల దాకానే వచ్చాయి, బొత్తాలు అందలేదు. ఊపిరి బిగబట్టి రెండు పెట్టాను. అలాగే దిగి వంటింట్లో నిలబడ్డాను, మే నెల ఎండలో ఉన్నికోటుతో. హెస్లాపమ్మ ముఖం సున్నం కొట్టినట్టయింది. రెండంగల్లో వచ్చి, మెడపట్టీ పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుట్లు పట్టున తెగాయి. కోటు ఆవిడ చేతిలో ఉంది, నేను గౌనుతో నిలబడ్డాను. అయిపోయింది అనుకున్నాను. ఇంక నేను ఎవరినీ కాను.

నాలుగో కన్నం. ఏమీ లేదు. అయిదోది. గడ్డి. గొర్రె కూడా కనిపించడం లేదు, అది కూడా అడ్డగోడ వెనక్కి వెళ్లింది. లోపల్నుంచి దబ్ మని చప్పుడు, పిల్ల కీచుమంది. మూడు. అది మూడోదా? కుమ్మిందా, నెట్టిందా? పాలివ్వాలనుకున్న గొర్రె కూడా పిల్లను మూతితో వెనకనుంచి పొదుగు వైపు నెడుతుంది, చెవితో వింటే రెండూ ఒకటే చప్పుడు. వెనక దారి దగ్గరికి వచ్చేశాను. అడ్డం పెట్టిన ఇనుపతడిక మీద చెయ్యి వేశాను. తియ్యాలి, మూడైతే తియ్యాలన్నాడు విల్ఫ్. సీసా పాలు ఇంట్లో వెచ్చగా ఉన్నాయి. తీస్తే ఈరోజు బతుకుతుంది, ఆదివారానికి నేను మళ్లీ గుంట తవ్వుతాను. తియ్యకపోతే ఇప్పుడే, ఆ చీకట్లో, పక్కటెముకలు. చెయ్యి తడిక మీదే ఉంది. లాగడం లేదు, వదలడం లేదు.

ఈ దారిలోంచే దూరాను ఆ రోజు. పగలు కాపలా ఉండదు, అడ్డగోడ వెనక నక్కి కూర్చున్నాను. ఎంతసేపో. తర్వాత ఈ దారి మూసుకుపోయి చీకటైంది. హెస్లాపమ్మ. చేతులూ మోకాళ్ల మీద, మంచి ఏప్రన్‌తో, లావుపాటి మనిషి, రొప్పుతోంది.

"బయటికి రా."

"రాను. నన్ను పంపించేస్తారు."

"ఎవరు చెప్పారు?"

"కోటు లాగేశారుగా."

"లాగనా మరి? చంకల కింద కోసుకుపోయింది, చూసుకున్నావా? అది నీకు పట్టదు."

"పడుతుంది. ఊపిరి పీల్చకపోతే పడుతుంది. నేను ఎల్సీలాగే ఉంటాను, మీకు తేడా తెలియదు."

హెస్లాపమ్మ ఇంకాస్త లోపలికి పాకింది. బయట గాలి. తర్వాత అంది, "వాసన చూసి నా బిడ్డే అనుకోవడానికి నేనేమన్నా గొర్రెనా?" గొంతు ఎలాగో ఉంది, కోపమో మరేమిటో. "నువ్వెవరో నాకు తెలీదనుకున్నావా? మేవిస్ టర్న్‌బుల్‌వి. బంగాళాదుంప తొక్కతోపాటు సగం దుంప కూడా తీసేస్తావు. నిద్రలో పళ్లు కొరుకుతావు. గడప మీద బూట్లు విప్పమని వందసార్లు చెప్పాను, ఒక్కసారి విప్పలేదు. ఎల్సీ ఇవేవీ చేసేది కాదు. కోటు ఇచ్చింది చలేస్తుందని, మరెందుకూ కాదు. ఇచ్చినప్పుడే చెప్పి ఉండాల్సింది, నోరు రాలేదు." మళ్లీ రొప్పింది. "నువ్వు ఇక్కడే ఉంటావని రాసిన కాగితం మీద నా సంతకం కోసం ఆ ఆఫీసరమ్మ కూర్చుంది, టీ మూడోసారి పోశాను. నేనిక్కడ ఇరుక్కుపోయాను. వచ్చి లాగు, మేవిస్."

రెండు చేతులూ పట్టుకుని లాగాను. నా పేరు ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. నేను ఆ పేరు లోపల వింటూ లాగుతున్నాను, ఆవిడ తిడుతూ వస్తోంది.

తడిక మీంచి చెయ్యి తీశాను. విల్ఫ్ లెక్క విల్ఫ్‌ది. అతను కన్నాల్లోంచి చూసి లెక్క పెడతాడు, అడ్డగోడ వెనక ఎప్పుడూ కూర్చోలేదు. చప్పుడు చెయ్యకుండా మళ్లీ మొదటి కన్నానికి వచ్చి, నుదురు కాంక్రీటుకు ఆనించి, చూడడం మానేసి విన్నాను. గాలి. సముద్రం. నా గుండె. వాటన్నిటి కిందా ఇంకేదో, చాలా లోతుగా, గొంతు దాటి బయటికి రాని గురగుర. ఈనిన గొర్రె తన పిల్లతో తప్ప మరెవరితోనూ ఆ గొంతుతో మాట్లాడదు, మందలో నూట ఎనభై ఉన్నా, ఏడాదిలో ఆ నాలుగు రోజులే వస్తుందది. ఆగింది. నాది భ్రమ అనుకున్నాను. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత గోడ అంచునుంచి గొర్రె నడుము మెల్లగా అరచేతి లోకంలోకి జరిగింది, దాని పొట్ట కింద ఒక తెల్లటి తోక. తోక ఒక్కటే. పాలు గొంతు దిగుతున్న పిల్ల తోక ఎలా ఆడుతుందో చూసినవాళ్లకే తెలుసు, దానికి వేరే ఒళ్లు లేనట్టు, మొత్తం ప్రాణం అక్కడే ఉన్నట్టు. ఆడుతోంది. వీపు మీద గులాబీ రంగు చర్మం ఎగిరెగిరి పడుతోంది. దాని సొంత ఒళ్లు, సొంత కంపు, మరొకరిది ఒక పోగు కూడా లేదు. నేను నవ్వాను కాబోలు, లేదా ముక్కు ఎగబీల్చాను. గొర్రె టక్కున తల తిప్పింది. కన్నంలో నా కన్ను చూసింది. రెండంగలు ముందుకొచ్చి, పిల్లను వెనకేసుకుని, ముందుగిట్ట ఎత్తి నేల మీద ధన్‌మని కొట్టింది. మళ్లీ కొట్టింది. ఇంకొక్క అడుగు వేశావంటే చూడు అని. జర్మన్ల కోసం కట్టిన ఈ పెట్టెలో, నలభై నాలుగేళ్లలో, లోపలివాళ్లు బయటివాళ్లను ఎదిరించడం ఇదే మొదలు. నేను రెండు చేతులూ పైకెత్తి, అడుగు వెనక అడుగు వేసుకుంటూ ఆ కన్నానికి దూరంగా జరిగాను.

కిందనుంచి విల్ఫ్‌కి కనిపించింది నా చేతులే. రాతిగోడ మీంచి లేచి నిలబడ్డాడు.

"ఏంటి పిల్లా?" గాలిలో అతని గొంతు దిగులుగా వచ్చింది. "చేతులెత్తేశావా?"

"ఎత్తేశాను," అన్నాను. "దాని పిల్ల జోలికి వెళ్లనని ఒప్పుకున్నాను!"